వేళ్ళ అలవాటు, బుద్ధి అలవాటు: మోలెనార్ వ్యాసంపై ఒక విమర్శ

ప్రోగ్రాము వ్రాయటమంటే క్రొత్త పంక్తులను ఏకధాటిగా టైపు చేసుకుంటూ పోవటమని బయటివారు అనుకుంటారు. ప్రోగ్రామరు రోజులో అధికభాగం చేసే పని అది కాదు. నిన్న వ్రాసినదానిని తిరిగి చదవటం, అందులో తప్పు ఎక్కడున్నదో వెతకటం, ఒక పేరును మార్చి ఆ పేరు వచ్చిన చోటనల్లా సరిచూడటం, ఒక పంక్తిని ఇక్కడ తీసి అక్కడ పెట్టటం, ఇదే అతని దినచర్య. వడ్రంగికి బాడిసె ఎటువంటిదో ఈ పనికి టెక్స్ట్ ఎడిటరు అటువంటిది. పాఠాన్ని తెరమీద చూపి, దిద్దనిచ్చి, భద్రపరచే ప్రోగ్రాము అది. వర్డ్ ప్రాసెసరువలె అక్షరాల పరిమాణం, రంగు, పుటల అంచులు మొదలయిన అలంకారాలతో దానికి పనిలేదు. ఉన్నవి ఉన్నట్లుగా అక్షరాలే దాని సొత్తు.

ఈ పనిముట్టు గుణగణాలను వర్ణించే రచనలు చాలా ఉన్నవి. దానిని పట్టుకునే పద్ధతిని చెప్పేవి బహుకొద్ది. ఆ కొద్దిలో పేరుపడినది నెదర్లండ్స్ దేశపు ప్రోగ్రామరు బ్రామ్ మోలెనార్ 2000 నవంబరులో ప్రకటించిన ‘సెవెన్ హ్యాబిట్స్ ఆఫ్ ఎఫెక్టివ్ టెక్స్ట్ ఎడిటింగ్’ అనే వ్యాసం. పాఠాన్ని సమర్థంగా దిద్దటానికి ఏడు అలవాట్లు అని దాని అర్థం. స్టీఫెన్ కవీ 1989లో వెలువరించిన ప్రసిద్ధ గ్రంథం పేరును అనుకరించి పెట్టిన పేరు అది. వ్యాసం చిన్నది. దానిని చదివి తమ పనితీరును మార్చుకున్నవారు మాత్రం తక్కువమంది కారు. కంప్యూటరు పాఠం చెప్పే ఉపాధ్యాయుడు విద్యార్థికి దీనిని చదవమని ఇవ్వవచ్చునా, ఇస్తే ఏ జాగ్రత్తలు చెప్పి ఇవ్వవలెను అన్నది ఆలోచించదగిన విషయం. లాబొరేటరీలో దొరికే గంటలు కొద్ది. వాటిని వేళ్ళ శిక్షణకు వెచ్చించటమా, ఆలోచన శిక్షణకు వెచ్చించటమా అనే ప్రశ్న ప్రతి సంవత్సరం ఎదురవుతూనే ఉంటుంది.

వ్యాసకర్తను గూర్చి కొంత తెలియటం అవసరం. మోలెనార్ 1961లో జన్మించాడు. ‘విమ్’ అనే ఎడిటరుకు కర్త. యూనిక్సు యంత్రాలమీద ‘వీఐ’ అనే ఎడిటరుకు అలవాటుపడిన ఇతను 1988లో అమీగా అనే కంప్యూటరు కొనుక్కున్నాడు. దానిమీద వీఐ లేదు. ‘స్టీవీ’ అనే ఒక అనుకరణను తీసుకొని దానిని బాగుచేయటం మొదలుపెట్టాడు. 1991లో విమ్ లోకానికి అందినది. ఆ పేరుకు మొదట ‘వీఐకి అనుకరణ’ అని అర్థం. తరువాత ‘మెరుగుపరచిన వీఐ’ అని అర్థం మార్చారు. ఇంగ్లీషులో రెండు మాటలకూ మొదటి అక్షరాలు కలిసిరావటంచేత పేరు మార్చవలసిన పని పడలేదు. విమ్ ఉచితం. నచ్చినవారు ఉగాండాలోని పిల్లల సహాయనిధికి విరాళం పంపవలసినదని మాత్రం ప్రోగ్రాము తెరచినప్పుడే ఒక విన్నపం కనిపిస్తుంది. 2023 ఆగస్టులో మరణించేవరకు మోలెనార్ దానిని సాకుతూనే ఉన్నాడు. ఒకే పనిముట్టుమీద ముప్పై సంవత్సరాలకు పైగా పనిచేసినవాడు చెప్పే మాటకు బరువు ఉంటుంది. తన పనిముట్టుమీద పక్షపాతమూ ఉంటుంది. రెండూ ఈ వ్యాసంలో కనిపిస్తాయి.

వ్యాసానికి వెన్నెముక మూడు మెట్లు. పనిచేస్తున్నప్పుడు ఏ చర్యను మాటిమాటికి చేస్తున్నామో, ఏ చర్యకు కాలం ఎక్కువ పడుతున్నదో కనిపెట్టవలెను. ఆ చర్యను త్వరగా ముగించే ఆజ్ఞ ఎడిటరులో ఉన్నదేమో వెతకవలెను. దొరికిన ఆజ్ఞను ఆలోచించకుండానే వేళ్ళు నొక్కేవరకు అభ్యసించవలెను. ఏడు అలవాట్లలో మొదటి ఆరూ ఈ మెట్లను ఒక్కొక్క రకం పనికి అన్వయించి చూపినవే. ఫైలులో త్వరగా కదలటం, ఒకసారి టైపు చేసినదానిని రెండవసారి చేయకపోవటం, తప్పు పడినప్పుడు దానిని తేలికగా సరిచేసుకొనే ఏర్పాటు, అనేక ఫైళ్ళను కలిపి చూడటం, ఇతర ప్రోగ్రాములతో కలిసి పనిచేయటం, పాఠానికి ఉన్న నిర్మాణాన్ని ఉపయోగించుకోవటం వరుసగా వస్తాయి. వీటన్నిటినీ నిజంగా అలవాటు చేసుకొమ్మన్నదే ఏడవది.

వ్యాసంలో మెచ్చుకోదగిన భాగం ఆజ్ఞల వివరణ కాదు. ఆజ్ఞల పట్టిక ఏ కరదీపికలోనైనా దొరుకుతుంది. మోలెనార్ రెండు రకాల మనుష్యులను గుర్తుపట్టాడు. పని తొందరలో ఉన్నది, నేర్చుకోవటానికి తీరిక లేదని ఏండ్ల తరబడి అదే మోటుపద్ధతిలో ఈడ్చేవాడు ఒకడు. ఎడిటరులో ఉన్న సమస్తమూ నేర్చిన తరువాతనే పని మొదలుపెడతానని కూర్చునేవాడు మరొకడు. రెండవవాడిని కూడా తప్పుపట్టటంలో వ్యాసకర్త నిజాయితీ తెలుస్తుంది. తాను తయారుచేసిన వస్తువులోని ప్రతి ఆజ్ఞనూ నేర్చుకోవద్దని చెప్పగల కర్తలు అరుదు. అవసరం కనిపించిన తరువాత నేర్చినదే నిలుస్తుందన్నది అతని అభిప్రాయం. అభ్యాసము కూసు విద్య అన్న సామెతకు ఇంతకంటే చక్కని వ్యాఖ్య కష్టం.

తెలుగు ఊళ్ళలో టైపు ఇన్‌స్టిట్యూట్లు నడిచిన రోజులు గుర్తున్నవారికి ఈ సలహా క్రొత్తగా ఉండదు. లోయరు పరీక్షకు చదివే పిల్లవాడు ముందు ఇన్ని రోజులు ఒకే వరుస కీలను, చూడకుండా, అదే పనిగా కొట్టేవాడు. విసుగు పుట్టేది. కాని ఒకనాటికి కళ్ళు కాగితంమీదనే ఉండి, వేళ్ళు తమంత తాము నడిచేవి. మోలెనార్ కోరేది అటువంటి స్థితినే. ఒక భేదం ఉన్నది. ఇన్‌స్టిట్యూటులో పాఠక్రమం గురువు నిర్ణయించేవాడు. ఇక్కడ తన లోపాన్ని తానే కనిపెట్టుకొని, తన పాఠాన్ని తానే వ్రాసుకోవలెను. మొదటి మెట్టు నిజానికి అన్నిటికంటే కష్టమైనది. చేస్తున్న పనిని చేస్తూనే బయటినుండి చూడగల శక్తి అందుకు కావలెను. ఆ శక్తి ఎట్లా వస్తుందో వ్యాసం చెప్పదు. ఒక వాక్యంలో ఆదేశించి ముందుకు పోతుంది. హైస్కూలు విద్యార్థి విషయంలో ఉపాధ్యాయుడు వెనుక నిలబడి చూడటమొక్కటే దీనికి మార్గం. ఒకే పేరును తొమ్మిదిసార్లు చేతితో మారుస్తున్న పిల్లవాడికి తాను తొమ్మిదిసార్లు మారుస్తున్నానని తెలియదు.

ఇక లోపాలు. మొదటిది చరిత్ర లేకపోవటం. విమ్‌లో కర్సరు ఎడమకు జరగటానికి హెచ్, క్రిందికి జె, పైకి కె, కుడికి ఎల్ నొక్కవలెను. ఇవి చేతివేళ్ళ సౌకర్యాన్ని శాస్త్రీయంగా పరిశీలించి ఎన్నుకున్నవని విద్యార్థి అనుకోవచ్చును. అది కథ కాదు. 1976లో బెర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో బిల్ జాయ్ వీఐని రూపొందించినప్పుడు అతని ముందున్న యంత్రం లియర్ సీగ్లర్ కంపెనీ చేసిన ఏడీఎం–3ఏ అనే టెర్మినలు. దానికి బాణపు గుర్తుల కీలు విడిగా లేవు. హెచ్, జె, కె, ఎల్ కీల మీదనే బాణాలు ముద్రించి ఉండేవి. ఆ కీలమీదనే ఎందుకు అంటే, ఆస్కీ సంకేతావళిలో కంట్రోలుతో హెచ్ కలిపి నొక్కితే ఒక అడుగు వెనుకకు, జె కలిపి నొక్కితే ఒక పంక్తి క్రిందికి అని ముందునుంచే నిర్ణయం. ఆజ్ఞాస్థితికి రావటానికి వాడే ఎస్కేప్ కీ ఆ కీబోర్డుమీద నేటి ట్యాబ్ కీ ఉన్నచోట, చిటికెనవేలి అందుబాటులో ఉండేది. నేటి కీబోర్డులలో అది పై మూలకు పోయినది. యంత్రం పోయి అలవాటు మిగిలినది.

ఆజ్ఞలు ఒక్కొక్క అక్షరమంత పొట్టిగా ఎందుకున్నవో కూడ అక్కడే తెలుస్తుంది. జాయ్ టెలిఫోను తీగపై 300 బాడ్ వేగంతో పనిచేసేవాడు. అంటే సెకనుకు సుమారు 30 అక్షరాలు వచ్చేవి. తెరమీద 24 పంక్తులు, పంక్తికి 80 అక్షరాలు, మొత్తం 1920 అక్షరాలు. తెరను ఒకసారి నింపటానికి 64 సెకన్లు! అటువంటి తీగపై ప్రతి అక్షరమూ విలువైనదే. అంతకుముందు, 1969 ప్రాంతంలో బెల్ ప్రయోగశాలలలో కెన్ థాంప్సన్ ‘ఎడ్’ అనే ఎడిటరు వ్రాసిన నాటి పరిస్థితి ఇంకా కటువైనది. తెరలేదు. సెకనుకు 10 అక్షరాలు కాగితంమీద కొట్టే టెలిటైపు యంత్రం. అందువలన ‘ఎడ్’ అడిగిన పంక్తిని తప్ప మరేమీ చూపదు. తప్పు ఆజ్ఞ ఇస్తే ఒక్క ప్రశ్నార్థక చిహ్నం ముద్రించి ఊరుకుంటుంది. పొదుపు అవసరంనుంచి పుట్టిన సంప్రదాయాన్ని మోలెనార్ సామర్థ్యసూత్రంగా బోధించాడు. బోధ తప్పు కాకపోవచ్చును. అది ఎక్కడనుంచి వచ్చినదో చెప్పకపోవటంవల్ల విద్యార్థికి కారణమూ, ఆచారమూ వేరుచేసి చూసే అవకాశం పోయినది.

రెండవ లోపం ఇంతకంటే పెద్దది. వీఐ వంశపు ఎడిటరులలో ఒకే కీకి రెండు అర్థాలు. చేర్పు స్థితిలో డి నొక్కితే డి అక్షరం పడుతుంది. ఆజ్ఞాస్థితిలో డి అంటే తొలగించు అని. ఏ స్థితిలో ఉన్నదీ మరచిపోతే అనర్థం. దీనిని తీవ్రంగా వ్యతిరేకించినవాడు లారీ టెస్లర్. జిరాక్సు సంస్థవారి పాలో ఆల్టో పరిశోధనాకేంద్రంలో 1970–80 మధ్య అతను, టిమ్ మాట్ కలిసి ‘జిప్సీ’ అనే ఎడిటరులో స్థితిభేదాలను వీలైనంత తొలగించారు. కత్తిరించి, నకలుతీసి, అతికించే నేటి పద్ధతి అక్కడ రూపుదిద్దుకున్నది. టెస్లర్ తన కారు నంబరు పలకమీద కూడ ‘నో మోడ్స్’ అనే మాటనే పెట్టుకున్నాడు. ఆ కేంద్రంలోనే ముందు తయారైన ‘బ్రావో’ ఎడిటరును గూర్చి ఒక కథ ప్రచారంలో ఉన్నది. ఆజ్ఞాస్థితిలో ఉన్న సంగతి మరచి ఒకడు ‘ఎడిట్’ అనే ఇంగ్లీషు మాటను టైపు చేశాడట. మొదటి అక్షరం ఈ. మొత్తం పాఠాన్ని ఎన్నుకున్నది. రెండవది డి, దానిని తొలగించినది. మూడవది ఐ; చేర్పు స్థితికి తెచ్చినది. నాలుగవది టి. పాఠమంతా పోయి ఆ ఒక్క టి మిగిలినది.

స్థితులపై ఈ వివాదం మోలెనార్ వ్యాసం నాటికి పాతికేండ్ల వయస్సు గలది. జెఫ్ రాస్కిన్ ‘ది హ్యూమేన్ ఇంటర్‌ఫేస్’ అనే గ్రంథంలో స్థితులను ఖండించినదీ అదే 2000 సంవత్సరంలో. వ్యాసకర్త దీనికి సమాధానం చెప్పవలసి ఉండినది. చెప్పటానికి అతనివద్ద సమాధానం లేకపోలేదు. ప్రోగ్రామరు టైపు చేసే సమయం తక్కువ, చదివి తిరిగే సమయం ఎక్కువ. కాబట్టి తిరగటాన్నే సహజస్థితిగా, టైపు చేయటాన్ని మధ్యలో వచ్చి పోయే పనిగా పెట్టటం సమంజసమని వాదించవచ్చును. వ్యాసంలోని మొదటి అలవాటు ఈ వాదానికి గుమ్మందాకా వచ్చి ఆగిపోతుంది.

మూడవది వ్యాసం మూలవాదానికే సంబంధించినది. మోలెనార్ మొదటినుంచీ కాలం మిగులుతుందంటాడు. ఎంత మిగులుతుందో కొలిచి చెప్పడు. కొలత లేదని కాదు. 1980లో స్టూవర్ట్ కార్డ్, థామస్ మోరన్, ఆలెన్ న్యూవెల్ అనే ముగ్గురు ఎడిటరులతో పనిచేసేవారిని పరీక్షించి ఒక లెక్క ప్రకటించారు. నేర్పుగల టైపిస్టుకు ఒక కీ నొక్కటానికి సగటున 0.2 సెకను. మౌసుతో తెరమీద ఒక చోటును గురిపెట్టటానికి 1.1 సెకను. చేతిని కీబోర్డునుండి మౌసుకు గాని, అక్కడనుంచి ఇక్కడకు గాని మార్చటానికి 0.4 సెకను. తరువాత ఏమి చేయవలెనో మనస్సులో సిద్ధపడటానికి 1.35 సెకను. ఇవి పనిలో ఆరితేరినవారు తప్పులేకుండా చేసే పనికి వర్తించే అంకెలు. అయినా పోలికకు ఉపకరిస్తాయి.

పది పంక్తుల క్రింద ఉన్న ఒక మాటను మార్చవలెననుకొందాము. మౌసుతో అయితే సిద్ధపడటం 1.35, చేయి మౌసుమీదకు 0.4, గురి 1.1, రెండు నొక్కులు 0.4, చేయి తిరిగి కీబోర్డుకు 0.4, మొత్తం 3.65 సెకన్లు. విమ్‌లో ఆ మాటను వెతికే ఆజ్ఞతో అయితే సిద్ధపడటం 1.35, వెతుకు గుర్తు, మాటలోని మూడక్షరాలు, ఎంటరు కలిపి ఐదు కీలకు 1 సెకను. తరువాత మాటను మార్చే ఆజ్ఞకు రెండు కీలు, 0.4. మొత్తం 2.75 సెకన్లు. లాభం 0.9 సెకను. కాని ఆ రెండు కీలు ఏవో ఒక్క క్షణం గుర్తుచేసుకోవలసి వస్తే మరొక 1.35 కలుస్తుంది. అప్పుడు 4.1 సెకన్లు. మౌసే నయం.

ఈ చిన్న లెక్కలో వ్యాసం బలమూ బలహీనతా రెండూ బయటపడుతున్నవి. మూడవ మెట్టు, అంటే ఆలోచించకుండా వేళ్ళు నొక్కేవరకు అభ్యసించటం, లేనిదే మొదటి రెండు మెట్లూ నష్టమే అని మోలెనార్ గ్రహించాడు. కార్డ్ బృందం లెక్క అతనిని సమర్థిస్తున్నది. సగం నేర్చిన ఆజ్ఞ నేర్వనిదానికంటే చెడ్డది. కాని పూర్తిగా నేర్చినా మిగిలేది ఎంత? రోజుకు వందసార్లు ఆ పని చేస్తే 90 సెకన్లు. నెలల తరబడి సాధనకు ప్రతిఫలం రోజుకు ఒకటిన్నర నిమిషమా? కాలమే వాదమైతే ఈ వాదం నిలవదు.

అయినా అలవాటుపడినవారు విమ్‌ను వదలరు. వారు పొందుతున్న లాభం గడియారంలో కనిపించేది కాదు. ఆ 1.35 సెకను కేవలం కాలం కాదు, మనస్సు ప్రోగ్రామును వదిలి పనిముట్టువైపు తిరిగిన క్షణం. పది అంకెల కూడికను మనస్సులో చేస్తున్నవాడిని మధ్యలో ‘నీ కలం ఎక్కడ?’ అని అడిగితే సమాధానం చెప్పటానికి ఒక సెకను చాలును. కూడిక మాత్రం మొదటికి వస్తుంది. ప్రోగ్రామరు తలలో మోసే సంగతులు అటువంటివే: ఏ పేరు దేనిని సూచిస్తున్నది, ఏ విలువ ఎక్కడ మారుతున్నది, ఏ షరతు ఇంకా చూడలేదు. చేయి తనంత తాను నడిస్తే ఆ బరువు జారిపోదు. మోలెనార్ ఈ మాటను ముందుకు తెచ్చి, కాలం పొదుపును వెనుకకు నెట్టి ఉంటే వ్యాసం ఇంకా గట్టిగా నిలిచేది.

వేళ్ళవేగం ప్రోగ్రాము నాణ్యతను నిర్ణయించదనటానికి డోనాల్డ్ నూత్ అనుభవం ఒకటి చాలును. పుస్తకాల అచ్చుకూర్పుకు అతను రూపొందించిన ‘టెక్’ అనే ప్రోగ్రాము మొదటి రూపాన్ని చేతివ్రాతతో నోటుపుస్తకంలో వ్రాసుకొని, ఆ తరువాతనే కంప్యూటరులోకి ఎక్కించాడు. అందులో తరువాత దొరికిన ప్రతి దోషాన్నీ, చేసిన ప్రతి మార్పునూ జాబితాకెక్కించి 1989లో ఒక వ్యాసంగా ప్రకటించాడు. ఆ జాబితాను 15 తరగతులుగా విభజించాడు. టైపుపొరపాట్లు ఆ పదిహేనింటిలో ఒక్క తరగతి. తక్కినవి పద్ధతిలో దోషం, మరచిన పని, ఒక భాగానికి మరొక భాగానికి పొసగకపోవటం మొదలైనవి, ఎడిటరు ఎంత మంచిదైనా పట్టలేనివి. మోలెనార్ వ్యాసంతోపాటు నూత్ వ్యాసాన్ని కూడ విద్యార్థికి పరిచయం చేయటం ఉచితం. మొదటిది పనిముట్టును చూడటం నేర్పుతుంది, రెండవది తన తప్పును చూడటం నేర్పుతుంది. తన తప్పులకు పద్దు వ్రాసుకొనే విద్యార్థి మోలెనార్ చెప్పిన మొదటి మెట్టును సగం ఎక్కినట్లే.

2021 నుండి ప్రోగ్రాము పంక్తులను తామే సూచించే కృత్రిమమేధా సాధనాలు ఎడిటరులలో చేరినవి. ‘రెండవసారి టైపు చేయకు’ అన్న అలవాటు వీటివల్ల కొంత వెలతెలబోయినది. త్వరగా కదలటమన్న మొదటి అలవాటు విలువ మాత్రం పెరిగినది. యంత్రం వ్రాసిన ఇరవై పంక్తులు సరియైనవో కావో తేల్చటానికి ఆ పేర్లు పుట్టినచోటికి పోయి చదవవలసిందే.

తెలుగు పాఠకునికి ఈ వ్యాసంలో ఇంకొక కొరత కనిపిస్తుంది. విమ్ ఆజ్ఞలకు ఒక వ్యాకరణమున్నది. డి అంటే తొలగించు, డబ్ల్యూ అంటే మాట. డి, డబ్ల్యూ కలిపి నొక్కితే మాట తొలగుతుంది. ముందు క్రియ, తరువాత కర్మ. ఇంగ్లీషు వాక్యక్రమమిది. తెలుగులో ‘ఈ మాటను తొలగించు’ అంటారు. కర్మ ముందు, క్రియ చివర. కీల పేర్లు ఇంగ్లీషు మాటల మొదటి అక్షరాలు కావటం ఒక భారం, క్రమం తలక్రిందులు కావటం మరొకటి. క్రమాన్ని మార్చరాదన్న నియమమేమీ లేదు. 2011లో మాక్సిమ్ కోస్ట్ ప్రారంభించిన ‘కాకూన్’ అనే ఎడిటరులో ముందు పాఠభాగాన్ని ఎన్నుకొని, అది తెరమీద గుర్తుపడిన తరువాత క్రియను చెప్పవలెను. తొలగించబోయేది ముందే కళ్ళకు కనిపించటంవల్ల పొరపాటు తగ్గుతుందని ఆ పద్ధతికి సమర్థన. తెలుగువానికి అది మాతృభాష క్రమం కావటం యాదృచ్ఛికమే అయినా, తరగతిలో చెప్పటానికి పనికివచ్చే సంగతి.

అసలైన చిక్కు లిపివద్ద వస్తుంది. భారత ప్రభుత్వం ప్రామాణికంగా నిర్ణయించిన ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డులో హెచ్ ఉన్నచోట ‘ప’, జె చోట ‘ర’, కె చోట ‘క’, ఎల్ చోట ‘త’ ఉన్నవి. డి స్థానంలో పొల్లు గుర్తు. ప్రోగ్రాములో తెలుగు వ్యాఖ్య ఒక పంక్తి వ్రాసి, కీబోర్డును తెలుగులోనే ఉంచి ఎస్కేప్ నొక్కిన విద్యార్థి క్రిందికి పోదామని జె కొడితే ఎడిటరుకు ‘ర’ అందుతుంది. అటువంటి ఆజ్ఞ లేదు. కర్సరు కదలదు. వేళ్ళకు ఎంత బాగా అలవాటైతే అంతగా తికమక. పాఠం టైపు చేసేటప్పుడు మాత్రం కీలకు వేరే లిపిని ఇచ్చి, ఆజ్ఞలకు రోమను అక్షరాలనే ఉంచే ‘కీమ్యాప్’ అనే ఏర్పాటు విమ్‌లోనే ఉన్నది. వ్యాసంలో దాని ప్రసక్తి లేదు.

‘పాఠానికి నిర్మాణమున్నది’ అన్న ఆరవ అలవాటు క్రింద ఈ చర్చ రావలసి ఉండినది. ఛందస్సు చదివే విద్యార్థి ‘స్త్రీ’ని గణవిభజనలో ఒక్క గురువుగా లెక్కిస్తాడు. యూనికోడు సంకేతావళి అందులో ఆరు సంకేతాలను చూస్తుంది: స, పొల్లు, త, పొల్లు, ర, ఈకారపు గుడి. నిలువచేసేటప్పుడు ఒక్కొక్కదానికి మూడు బైట్లు, మొత్తం పద్దెనిమిది. విమ్ వీటిని మూడు ముక్కలుగా పట్టుకుంటుంది. ‘స్త్రీ’మీద కర్సరు పెట్టి ఎక్స్ కీతో తొలగిస్తే ‘స్’ పోయి ‘త్రీ’ మిగులుతుంది. అచ్చులో ఒక్కటిగా కనిపించే అక్షరానికి ఎడిటరులో అతుకులున్నవన్నమాట. పైగా విమ్ తెరను సమానమైన గళ్ళుగా భావించి, ప్రతి అక్షరానికి ఒకటో రెండో గళ్ళు కేటాయిస్తుంది. టెలిటైపునుంచి వచ్చిన ఈ చతురపు గడిలో ఒత్తులు క్రిందికి, గుణింతాలు పైకి పోయే తెలుగు అక్షరం ఇముడలేదు.

దీనికి మోలెనార్‌ను ఒక్కడిని తప్పుపట్టటం న్యాయం కాదు. తెలుగుకు స్థానమిచ్చిన యూనికోడు మొదటి ప్రతి వెలువడినది విమ్ వెలువడిన 1991లోనే. అక్షరాన్ని ఎక్కడ విరవవచ్చునో చెప్పే యూనికోడు సాధారణ నియమం కూడ 2023 వరకు ‘స్త్రీ’ని స్, త్, రీ అని మూడుగానే విరిచేది. తెలుగు, దేవనాగరి, బెంగాలీ, గుజరాతీ, ఒడియా, మలయాళ లిపులలో సంయుక్తాక్షరాన్ని విరవరాదన్న నియమం 15.1వ ప్రతిలో, 2023 సెప్టెంబరులో వచ్చినది. మోలెనార్ మరణించిన మరుసటి నెల అది. నియమం రావటం వేరు, ప్రతి ఎడిటరూ దానిని పాటించటం వేరు. పాఠశాల లాబొరేటరీలో ఏ ఎడిటరు ఉన్నా సరే, అందులో ‘స్త్రీ’ అని, ‘లక్ష్మి’ అని వ్రాసి, కర్సరును మొదట పెట్టి ఎన్ని నొక్కులకు అవి దాటుతున్నవో, వెనుకకు చెరిపితే ఏ ముక్క ముందుగా పోతున్నదో విద్యార్థులచేత లెక్కపెట్టించవచ్చును. రెండు ఎడిటరులు దొరికితే లెక్కలు రెండూ ప్రక్కప్రక్కన నల్లబల్లమీద వ్రాయించవలెను.